రెండో ఫోన్ లైను

1996 ఎండాకాలంలో నాకూ నా స్నేహితుడికీ పెద్ద వాదన జరిగింది. ఇద్దరం కూడబెట్టిన డబ్బుకి కొత్త 28.8 మోడెమ్ ఒక్కటే వస్తుంది. మోడెమ్ అంటే ఫోన్ లైను మీద రెండు కంప్యూటర్లని కలిపే పరికరం; 28.8 అంటే సెకనుకి 28,800 బిట్లు, దాని వేగం. లేదంటే మద్రాసు రిచీ స్ట్రీట్‌లో ఎవరో వాడి అమ్మేసిన 2400 మోడెమ్‌లు మూడు వస్తాయి. మా బులెటిన్ బోర్డుకి ఏది కొనాలి? వాడు 28.8 అన్నాడు, నేను పాతవి మూడూ అన్నాను. తిరుపతి లీలామహల్ సర్కిల్‌లో టీ కొట్టు దగ్గర మొదలైన మాట కపిలతీర్థం దాకా నడిచినా తెగలేదు. చివరికి వాడు విసుగొచ్చి, నీ ఇష్టం పో అనేశాడు. మరుసటి ఆదివారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోయి మూడు పాత మోడెమ్‌లూ గోనె సంచిలో చుట్టుకుని తెచ్చాను. మాటైతే నాదే నెగ్గింది కానీ వాడు ఒప్పుకోలేదు. ఆ వాదన ఇప్పటికీ బాకీ ఉన్నట్టే ఉంటుంది నాకు. ఈ మధ్య ఆ మోడెమ్‌లనే మళ్లీ దుమ్ము దులుపుతున్నాను, కాబట్టి ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతాను.

నేను చెప్పేది ఇది. ఒకే సమయంలో ఇద్దరు మనుషులు లోపల ఉండగలిగిన రోజే డయల్-అప్ బోర్డుకి ప్రాణం వస్తుంది. చేతిలో ఎంత తక్కువ డబ్బున్నా సరే, ముందు రెండో లైను మీద పెట్టాలి. వేగం, పెద్ద డిస్కు, సీడీ డ్రైవు అన్నీ ఆ తర్వాతే.

బులెటిన్ బోర్డు, అంటే బీబీఎస్, చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఇంట్లో ఒక కంప్యూటర్, దానికో మోడెమ్, ఆ మోడెమ్‌కి మామూలు ఫోన్ లైను. ఊళ్లో ఇంకెవరైనా తమ మోడెమ్‌తో ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఈ కంప్యూటరే ఎత్తుతుంది. పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. మెసేజ్‌లు చదవచ్చు, రాయచ్చు, ఫైళ్లు దించుకోవచ్చు. ఇంటర్‌నెట్‌తో పని లేదు. ఈ పద్ధతి 1978 ఫిబ్రవరి 16న షికాగోలో మొదలైంది. ఆ జనవరిలో మంచు తుఫానుకి ఇల్లు కదల్లేక వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అనే ఇద్దరు మొదలుపెట్టిన పని అది. దాని పేరు సీబీబీఎస్. ఒక్క ఫోన్ లైను, ఒక్క మోడెమ్. ఒకరు ఫోన్ పెట్టేస్తేనే ఇంకొకరికి దొరికేది.

మాది కూడా మొదటి ఏడాది అట్లాగే నడిచింది. ఒక్క లైను బోర్డు పోస్టు డబ్బా లాంటిది. ఒకరు వచ్చి ఉత్తరం వేసి పోతారు, తర్వాత ఇంకొకరు వచ్చి తీసుకుంటారు. ఇద్దరూ ఎప్పటికీ ఎదురుపడరు. మా బోర్డుకి రోజూ వచ్చేవాళ్లు పది మంది దాకా ఉండేవాళ్లు. అందరి రాత నాకు తెలుసు, వాళ్లలో వాళ్లకి కూడా తెలుసు. అయినా ఆ పది మందిలో ఏ ఇద్దరూ ఒక్కసారీ ఒకేసారి లోపల లేరు. రాత్రి పదకొండున్నరకి నేను తెర ముందు కూర్చుని ఉంటే ఒకతను మెసేజ్ రాసి పెట్టేసి వెళ్లాడు, రెండు నిమిషాలకి ఎవరి కోసం రాశాడో ఆ మనిషే వచ్చాడు. ఒకరు మెట్లు దిగుతుంటే ఇంకొకరు ఎక్కినట్టు. నాకు ఆ రాత్రే రెండో లైను మీద మనసు పడింది.

రెండో లైను అంటే ఆ రోజుల్లో తేలిక కాదు. ఫోన్ కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. నాకు దారి దొరికింది మా మామ వల్ల. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఆయనకి లాడ్జి ఉండేది. రెండు బయటి ఫోన్ లైన్లు, వాటిని గదులకి పంచే ఈపీఏబీఎక్స్ పెట్టె, పదహారు ఎక్స్‌టెన్షన్లు. అప్పట్లో తిరుపతిలో చాలా లాడ్జిల్లో అలాంటి పెట్టె ఉండేది. అది ఒక చిన్న టెలిఫోన్ ఎక్స్చేంజి అని, దానిలో లోపలి కాల్స్‌కి పైసా ఖర్చు లేదని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. నేను పట్టించుకున్నాను. పదహారో నంబరు గది నుంచి రెండో నంబరు గదికి మోడెమ్ ఫోన్ చేయగలిగితే, బయటి లైను లేకుండానే బోర్డుకి ఇంకో దారి తెరుచుకున్నట్టే కదా.

మామని ఒప్పించడానికి వారం పట్టింది. పగలు రెండు లైన్లూ రిసెప్షన్‌కే. రాత్రి పదకొండు నుంచి తెల్లవారి నాలుగింటి దాకా బయటి కాల్స్ నా ఎక్స్‌టెన్షన్ల మీద దిగేలా నైట్ సర్వీస్ మీట నొక్కి పెట్టుకోవచ్చు. కానీ ఒక షరతు. కొండకి పోయే యాత్రికుల్ని మూడింటికి ఇంటర్‌కమ్ కొట్టి లేపాలి, దానికి అడ్డం రాకూడదు. మా పెట్టెలో ఒకేసారి నాలుగు మాటలే నడుస్తాయి. మూడు నా మోడెమ్‌లు పట్టుకుంటే రిసెప్షన్‌కి మిగిలేది ఒకటి. ఆ ఒకటీ చాలునని ఒప్పుకున్నాడాయన.

ఇక లెక్కలకి వస్తాను, ఎందుకంటే నా వాదనకి బలం అక్కడే ఉంది. 2400 మోడెమ్ అంటే సెకనుకి 2400 బిట్లు. ఒక అక్షరానికి మొదలూ చివరా గుర్తులు కలిపి పది బిట్లు. అంటే సెకనుకి 240 అక్షరాలు. మామూలుగా టైప్ చేసే మనిషికి సెకనుకి నాలుగైదు అక్షరాలు మించవు. ముగ్గురు కలిసి ఏకధాటిగా టైప్ చేసినా, ఆ మాటలన్నీ నాలుగోవాడి తెర మీదికి పంపడానికి 2400 మోడెమ్‌కి పదిహేనో వంతు పని కూడా ఉండదు. మిగతా సమయమంతా అది ఖాళీగా కూర్చుంటుంది. 28.8 పెడితే ఆ కాస్త పని కూడా పన్నెండో వంతుకి తగ్గిపోతుంది, అంతే. కబుర్లకి కావలసింది ఇంకో మనిషి, ఆ మనిషి రావడానికి ఇంకో లైను.

వేగం పెంచితే ఖర్చు మోడెమ్‌తో ఆగదన్నది ఇంకో సంగతి. 2400 మీద ఒక్కో అక్షరం నాలుగు మిల్లీసెకన్లకి ఒకసారి వస్తుంది, పాత 8250 సీరియల్ చిప్పు కూడా ఆ పని చక్కగా చేస్తుంది. 28.8 మోడెమ్‌తో పోర్టు 38,400 దగ్గర నడపాలంటే, అదీ ఒకే కంప్యూటర్‌లో నాలుగు ప్రోగ్రాములు వంతులు వేసుకుంటూ నడుస్తుంటే, అక్షరాలు జారిపోతాయి. వాటిని పట్టుకోవాలంటే పదహారు బైట్ల నిల్వ ఉన్న 16550 చిప్పు కార్డు విడిగా కొనాలి. మా దగ్గర ఆ డబ్బు లేదు.

ఇంకా ముఖ్యమైనది లైను మీద గోల. వానాకాలంలో మా వైపు ఫోన్ ఎత్తితే చిటపటలు. వేగం మోడెమ్‌లు ఆ లైను మీద జారుకుంటూ కిందికి దిగుతాయి, లేదా తెగిపోతాయి. మా పాత 2400లలో తప్పులు దిద్దుకునే ఏర్పాటే లేదు. మధ్యమధ్యలో చెత్త అక్షరాలు, మీసాల బ్రాకెట్లు పడేవి. జిప్ ఫైలులో ఒక్క బిట్టు పోతే ఫైలే పోతుంది. కబుర్లలో మాట మధ్యలో ఒక బ్రాకెట్టు పడితే చదివే మనిషి దాన్ని పక్కకి తోసి చదివేసుకుంటాడు. "రే{పు వస్తావా" అని వస్తే అర్థం కానివాళ్లు ఎవరున్నారు? తప్పులు దిద్దే పని మనిషి బుర్ర చేసిపెడుతుంది, దానికి విడిగా చిప్పు అక్కర్లేదు.

ఇప్పుడు బిగింపు పని. ఇక్కడ నాకు పదిహేను రోజులు పట్టింది, ఎందుకో వివరంగా చెప్పాలి. మా దగ్గర ఉన్నది 486, ఎనిమిది ఎంబీ ర్యామ్. బయటి మొదటి లైనుకి అప్పటికే ఉన్న 14.4 మోడెమ్, కామ్1 మీద (కామ్ అంటే మోడెమ్ తగిలించే సీరియల్ పోర్టు). రెండో లైనుకి పాత 2400 ఒకటి, కామ్2 మీద. ఇంటర్‌కమ్ ఎక్స్‌టెన్షన్‌కి ఇంకో 2400, అది లోపల దిగే కార్డు, కామ్3 మీద. మూడో 2400 పై అంతస్తులో ఎక్స్‌టీ అనే పాత రకం కంప్యూటర్‌కి తగిలించాం. అది లోపలి నుంచి ఫోన్ చేసేవాళ్ల కోసం.

మొదటి రాత్రి మూడూ పనిచేశాయి, విడివిడిగా. మూడో దాంట్లో పైనుంచి నా స్నేహితుడు, మొదటి లైనులో ఊళ్లోంచి ఇంకొకతను వచ్చేసరికి పైవాడి తెర బిగుసుకుపోయింది. నేను కింద నిలబడి చూస్తున్నాను. ఊళ్లో ఆయన ఒక అక్షరం కొడితే, అప్పుడు పైవాడిది ఒక అక్షరం కదులుతుంది. ఆయన ఆపితే వీడిదీ ఆగుతుంది. మధ్యలో అక్షరాలు మాయం. "నమస్తే" అని కొడితే రెండక్షరాలు మిగులుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతుక్కుంటూ మూడు రాత్రులు పోగొట్టాను. కారణం ఏమిటంటే, కామ్1కీ కామ్3కీ పుట్టుకతోనే ఒకే ఇంటరప్ట్ గీత, అంటే కార్డు ప్రాసెసర్‌ని పిలిచే తీగ, ఐఆర్‌క్యూ 4. కామ్2, కామ్4కి ఐఆర్‌క్యూ 3. పాత ఐఎస్ఏ స్లాట్లలో రెండు కార్డులు ఒక గీతని పంచుకోలేవు. ఒకటి దాన్ని పట్టుకుని కూర్చుంటే రెండోది ఎంత పిలిచినా ప్రాసెసర్‌కి వినపడదు. మొదటి కార్డు పిలిచినప్పుడు డ్రైవరు పనిలో పనిగా రెండోదాన్ని తొంగి చూస్తుంది, అప్పుడు ఏ అక్షరం మిగిలి ఉంటే అది తీసుకుంటుంది. అందుకే ఒకరు కొడితేనే ఇంకొకరిది కదలడం. ఆ లోపలి కార్డు మీద ఐఆర్‌క్యూ 5కి కూడా జంపర్ గుంటలు ఉన్నాయి. చిన్న శ్రావణంతో జంపర్ తీసి అక్కడ గుచ్చాను. రెండో ప్రింటర్ పోర్టుకి కేటాయించిన గీత అది, మాకు రెండో ప్రింటర్ లేదు. డ్రైవర్‌కి కూడా ఆ నంబరు చెప్పాను. అంతే, ముగ్గురూ గలగలమన్నారు.

పైనుంచి ఫోన్ చేసే మోడెమ్‌ది ఇంకో పేచీ. మొదట డయల్ చేయనే లేదు, నో డయల్‌టోన్ అనేది. రిసీవర్ ఎత్తి వింటే టోన్ శుభ్రంగా ఉంది. కానీ అది ఇంటర్‌కమ్ పెట్టె టోన్, బయటి ఎక్స్చేంజి టోన్‌లా ఏకధారగా ఉండదు, ఆగి ఆగి వస్తుంది. మోడెమ్ దాన్ని టోన్‌గా ఒప్పుకోదు. ఏటీఎక్స్3 అని ఒక్క ఆదేశం ఇస్తే టోన్ కోసం చూడకుండా డయల్ చేస్తుంది, బిజీ మాత్రం కనిపెడుతుంది. ఎక్స్1 ఇస్తే బిజీని కూడా పట్టించుకోదు, కాబట్టి 3 మేలు. బోర్డు వైపు మోడెమ్‌లకి ఎస్0 అనే సెట్టింగ్ సున్నా పెట్టాలి. ఎస్0 ఒకటి పెడితే ప్రోగ్రాం పడిపోయినా మోడెమ్ తనంతట తనే ఫోన్ ఎత్తేస్తుంది, అవతలివాడు డబ్బు ఖర్చు పెట్టుకుని చీకట్లో కూర్చుంటాడు. రింగ్ వచ్చిందని చూసి ప్రోగ్రామే ఎత్తమని చెప్పాలి.

మామ రెండో రాత్రే మెట్ల దగ్గర నిలబడి అడిగాడు: "ఏమిరా, ఆ పెట్టె రేయంతా కీచుమంటా ఉండాది? రూముల్లో జనం లేసి కూసుంటే ఎవురు చెప్పేది?" ఏటీఎం0 అని మోడెమ్‌కి ఇంకో ఆదేశం. స్పీకర్ బంద్.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, అప్పట్లో రెండు దారులు ఉండేవి. గెలాక్టికామ్ వాళ్ల మేజర్ బీబీఎస్‌లో ఒకే ప్రోగ్రాం అన్ని లైన్లనీ తనే చూసుకుంటుంది, అందరి మాటలూ ఒకే మెమరీలో ఉంటాయి కాబట్టి కబుర్లు వెంటనే కదులుతాయి. కానీ దాని ఖరీదు మాకు అందదు. రెండో దారి, లైనుకి ఒక కాపీ చొప్పున బోర్డు ప్రోగ్రాంని నడపడం. మేము మాక్సిమస్ ఎంచుకున్నాం. సరదాకి నడుపుకునేవాళ్లకి ఉచితం, పైగా లైన్ల మధ్య మాట్లాడుకునే ఏర్పాటు లోపలే ఉంది, విడిగా ఏదీ తగిలించక్కర్లేదు. డాస్ ఒకేసారి ఒక ప్రోగ్రాంనే నడుపుతుంది కాబట్టి ఒకేసారి కొన్ని ప్రోగ్రాములు నడిపించే డెస్క్‌వ్యూ మీద నాలుగు కిటికీలు తెరిచాం. మూడు లైన్లకి మూడు, నా కీబోర్డుకి ఒకటి. మోడెమ్‌లతో మాట్లాడేందుకు ఎక్స్‌డబుల్‌జీరో అనే ఫాసిల్ డ్రైవర్.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, డాస్‌తో వచ్చే షేర్ అనే ప్రోగ్రాం ముందే ఎక్కించాలి. అది లేకపోతే రెండు కాపీలు ఒకే ఫైలుని ఒకేసారి తెరిచి మెసేజ్‌లన్నీ చిందరవందర చేస్తాయి. రెండోది, ఈ కాపీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది చిన్న చిన్న ఫైళ్ల ద్వారా. నేను ఒక వాక్యం కొడితే అది మిగతా కాపీల ఫైళ్లలో పడుతుంది, అవి పదే పదే తొంగి చూసి తీసుకుంటాయి. ఆ ఫైళ్లని హార్డ్ డిస్కు మీద ఉంచితే ముగ్గురు మాట్లాడుతుంటే డిస్కు లైటు ఆరకుండా వెలుగుతుంది, తల అటూ ఇటూ పోతూ టకటకమంటుంది, మాట రెండు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. మెమరీలోనే కాస్త చోటు తీసి రామ్‌డ్రైవ్ చేసి ఆ డైరెక్టరీని అక్కడ పెట్టాను. డిస్కు లైటు ఆరిపోయింది. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది, తెర మీద మాత్రం ముగ్గురు మాట్లాడుకుంటున్నారు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఏం మాట్లాడుకున్నారు అంటే, ఏమీ లేదు. తిన్నావా, కరెంటు ఉందా, రేణిగుంటలో ట్రైను ఎంత లేటు. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. తెలుగు లిపి పంపడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. భారతీయ లిపుల కోసం చేసిన 1991 ఇస్కీ ప్రమాణంలో తెలుగు అక్షరాలు ఎనిమిది బిట్లలోనే ఇమిడాయి, మా లైన్లు ఎనిమిది బిట్లవే. కానీ చదవాలంటే ప్రతి ఇంట్లోనూ తెలుగుని తెర మీద చూపించే, సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు ఉండాలి. ఒక్కరికీ లేదు. కాబట్టి ఎవరికి తోచిన స్పెల్లింగ్‌లో వాళ్లు రాసుకున్నారు, అందరికీ అర్థమయింది.

పలువురు కలిసి చెప్పుకునే కబుర్లలో ఒక చిక్కుంది. ఒకరు కొడుతున్న వాక్యం మధ్యలోకి ఇంకొకరి మాట వచ్చి పడితే రెండూ కలగాపులగం అవుతాయి. అందుకే ఎంటర్ కొట్టాకే వాక్యం మొత్తం ఒకేసారి అవతలికి పోతుంది. 1973లో ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద డగ్ బ్రౌన్, డేవిడ్ వూలీ రాసిన టాకోమాటిక్ అనే కబుర్ల ప్రోగ్రాంలో అలా కాదు, ఒక్కొక్కరికీ తెరలో ఒక్కో భాగం, కొట్టే ప్రతి అక్షరం, చెరిపే ప్రతి అక్షరం అందరికీ కనిపించేది. మా పద్ధతిలో ఆ తడబాటు ఎవరికీ కనిపించదు. ఒక్క నాకు తప్ప. నా తెర మీద ప్రతి కిటికీ ఉంది కాబట్టి ఎవరేం కొట్టి చెరిపారో నాకు తెలిసిపోతుంది. మొదటి పేజీలోనే ఆ మాట రాసి పెట్టాను: బోర్డు నడిపేవాడికి మీరు కొట్టేదంతా కనిపిస్తుంది అని. చెప్పకపోవడం దొంగతనం అని నా నమ్మకం.

ఒక రాత్రి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివే అబ్బాయి వచ్చాడు. ఆ రోజు రిజల్ట్స్. ఎవరో ఎలా వచ్చాయి అని అడిగారు. అతని కిటికీలో "రెండు పోయాయి" అని అక్షరం అక్షరం పడింది. కాసేపు కర్సర్ మిణుకుమిణుకుమంది. వెనకనుంచి ఒక్కో అక్షరం చెరిగింది. "బాగానే" అని కొట్టి ఎంటర్ నొక్కాడు. మిగతా ఇద్దరూ అభినందనలు చెప్పారు. నేను చూసినదేమీ చెప్పలేదు. కాసేపాగి, రేపు సాయంత్రం బాలాజీ కాలనీ వైపు వస్తున్నా, టీ తాగుదామా అని అతనికి మాత్రమే కనపడేలా పంపాను. వచ్చాడు. రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఒక్క లైను బోర్డులో ఇది జరిగేది కాదు. ఆ అబ్బాయి ఒంటరిగా లోపలికి వచ్చి, మెసేజ్‌లు చదువుకుని, రిజల్ట్ సంగతి ఎవరూ అడక్కుండానే వెళ్లిపోయేవాడు.

నా స్నేహితుడి వాదనలో నిజం లేదని అనను. ఒక మెగాబైటు ఫైలు 2400 మీద దించుకోవడానికి గంటా పదమూడు నిమిషాలు పడుతుంది. 28.8 మీద ఆరు నిమిషాలు. ఫైళ్ల కోసం వచ్చే ఇద్దరు ముగ్గురు మాకు దూరమయ్యారు, అది నా వల్లే. 14.4 ఉన్న మొదటి లైను వాళ్ల కోసమే ఉంచినా ఆ లైను కూడా కబుర్లతో నిండిపోయేది. వాడి రెండో మాట ఇంకా బలమైనది. ఫైలుకి వచ్చినవాడు దించుకుని పోతాడు, కబుర్లకి వచ్చినవాడు గంటలు గంటలు లైను పట్టుకుని కూర్చుంటాడు, బయట ఫోన్ చేసేవాళ్లకి బిజీ వస్తూనే ఉంటుంది, ఎంతమంది వెనక్కి పోయారో మనకి తెలియను కూడా తెలియదు. ఇది నిజం. దీనికి నేను కనిపెట్టిన మందు ఒక్కటే. బయటి లైన్లకి నలభై నిమిషాల గడువు, ఇంటర్‌కమ్‌కి గడువు లేదు. లాడ్జిలో నెల అద్దెకి ఉండే ఒక మెడికల్ రిప్రజెంటేటివ్ తన గది నుంచి తెల్లవార్లూ ఉండేవాడు, ఎవరికీ అడ్డం కాదు. గడువు దాటి ఉన్నవాళ్లకి యంత్రం చెప్పేలోపే లోపలున్నవాళ్లు చెప్పేవాళ్లు, అన్నా, ఎవరో చేస్తుంటారు, నువ్వు పెట్టేయి అని. ఫైలు దించుకునేవాడికి ఆ మాట చెప్పేవాళ్లు ఎవరు?

ఈ సంగతి మాకే తట్టిందని కాదు. 1980లోనే అమెరికాలో కంప్యుసర్వ్ అనే ఆన్‌లైన్ కంపెనీ వాళ్లు, అక్కడి జనం కబుర్లకి వాడే సీబీ రేడియో పేరు పెట్టి కబుర్ల గది తెరిచారు. తర్వాత కొన్నేళ్లకి డైవర్సీ-డయల్ అనేది వచ్చింది. ఒక ఆపిల్ 2, దానిలో ఏడు స్లాట్లకి ఏడు 300 మోడెమ్‌లు. సెకనుకి ముప్పై అక్షరాలు. ఫైళ్లు లేవు, ఒట్టి కబుర్లే, దానికి నెలనెలా డబ్బు కట్టి వచ్చేవాళ్లు. ఫిన్లాండ్‌లో ఊలు యూనివర్సిటీలో యార్కో ఓయికారినెన్ తన ఊలుబాక్స్ బీబీఎస్‌లో ఉన్న పాత మల్టీ-యూజర్ కబుర్ల ప్రోగ్రాం చాల్లేదని 1988 ఆగస్టులో కొత్తది రాశాడు. అదే ఐఆర్‌సీ, ఇంటర్‌నెట్ రిలే చాట్. ఆ తర్వాత పది పదిహేనేళ్లు ప్రపంచంలో ఎంతోమంది దాని మీద మాట్లాడుకున్నారు. ఒక బీబీఎస్‌లో ఒకేసారి ఇద్దరికంటే ఎక్కువ మంది బాగా మాట్లాడుకోవాలని ఒక మనిషికి అనిపించడంతో మొదలైన సంగతి అది. ఫైళ్ల వేగం కోసం ఎవరూ అలాంటిది కనిపెట్టలేదు.

మన దేశంలో పెద్ద ఊళ్ల బోర్డులు అప్పటికి బాగా నడుస్తున్నాయి. బెంగళూరులో అతుల్ చిట్నీస్ నడిపే బోర్డుకి ఎస్టీడీ పావు చార్జీ వేళలో ఫోన్ చేసి చూసి నేర్చుకున్నవాణ్ణి నేను. అదే రోజుల్లో టెలికాం శాఖ 1885 టెలిగ్రాఫ్ చట్టం కింద బీబీఎస్‌లకి కూడా లక్షల్లో లైసెన్స్ ఫీజు అడగడం, నడిపేవాళ్లు దాని మీద పోరాడటం పత్రికల్లో చదివాం. సరదాకి నడిపేవాడి దగ్గర లక్షలు ఎక్కడివి? ఊరికి పది మంది కూర్చుని మాట్లాడుకునే చోటుకి టోల్‌గేటు పెట్టినట్టు అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

మా బోర్డుని ఆపింది మాత్రం పిడుగు. ఆ ఏడు ఈశాన్య రుతుపవనాల్లో ఒక రాత్రి కొండ మీద ఉరిమింది, లైన్లలోంచి వచ్చి బయటి మోడెమ్‌లు రెండింటినీ కాల్చేసింది. పెట్టె విప్పితే లోపల ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నల్లటి మచ్చ, కాలిన బెల్లం లాంటి వాసన. ఫోన్ లైనుకి పిడుగుని అడ్డుకునే అరెస్టర్ పెట్టాలని అప్పటికి తెలియదు. కరెంటు వైపు యూపీఎస్ పెట్టి, ఫోన్ వైపు తలుపు తెరిచి వదిలేశాం. మీరు ఏ పాత పరికరం తగిలించినా ఆ తప్పు చేయకండి. లోపలి ఇంటర్‌కమ్ మోడెమ్‌కీ, పై అంతస్తు దానికీ ఏమీ కాలేదు. తర్వాత రెండేళ్లు ఆ ఒక్క లైనుతో లాడ్జిలోపలే నడిపాం, ఆ తర్వాత అందరూ ఇంటర్‌నెట్‌కి పోయారు, నేనూ పోయాను.

లాడ్జి చేతులు మారినప్పుడు ఇంటర్‌కమ్ పెట్టెని మామ పారేయనివ్వలేదు. ఇప్పుడది బైరాగిపట్టెడలో మా ఇంటి మేడ మీద ఉంది. మిగిలిన 2400లు రెండూ పనిచేస్తున్నాయి. ఒకటి బోర్డుకి, ఇంకొకటి కింద గదిలో. ఇంకో పాత మోడెమ్ ఒకటి వెతికి కొన్నాను, అది కామ్2 మీద, ఐఆర్‌క్యూ తగాదా లేకుండా. ఈసారి సింక్రోనెట్ అనే బోర్డు ప్రోగ్రాం వేశాను. ఉచితం, మల్టీ-నోడ్ కబుర్లు దానిలోనే ఉన్నాయి, మోడెమ్ కాల్‌ని టెల్‌నెట్‌కి, అంటే నెట్‌వర్క్ మీద బోర్డులోకి వచ్చే పద్ధతికి, కలిపే చిన్న ప్రోగ్రాం మధ్యలో పెడితే చాలు. అది అన్ని భాషల లిపులూ పట్టే యూటీఎఫ్-8 కూడా పంపుతుంది, అంటే జిస్ట్ కార్డు బాధ లేదు. తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. "తిరుపతి"లో గుణింతాలతో కలిపి ఏడు కోడ్‌లు, ఇరవై ఒక్క బైట్లు. 2400 మీద సెకనులో పదోవంతు కూడా పట్టదు. టెర్మినల్‌లో ఒత్తులు ఇంకా సరిగ్గా కూర్చోవడం లేదు, "క్ష" రెండు గడులు తీసుకుని పక్క అక్షరం మీదికి ఎక్కుతోంది. దాని సంగతి చూస్తున్నాను.

నా స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పాను. ఈ సంక్రాంతికి వస్తానన్నాడు. కింద గదిలో మోడెమ్‌కి ఏటీఎక్స్3 పెట్టి ఉంచాను.